మన గుమ్మం ముందు ఆగే పార్సిల్ బండి

(విజయనగరంలో పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఎక్కడ కలుసుకున్నా నకారా గారి కేసుతోనే మొదలుపెడతాం. పింఛను ప్రభువులు దయతలచి ఇచ్చే బహుమానం కాదు, ఉద్యోగి హక్కు అని 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు చెప్పిన సంగతి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర లేదు. ఆ తర్వాత డి.ఆర్. బకాయిలు, వైద్య బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్టు వేలిముద్ర పడకపోవడం ఇవన్నీ వరసగా వస్తాయి. వాటిని నాకంటే బాగా చెప్పగలవారు ఇద్దరు ఉదయమే మాట్లాడారు. నన్ను కార్యదర్శి గారు "రోడ్డు భద్రత మీద పదిహేను నిమిషాలు మాట్లాడండి" అన్నారు. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో పనిచేసినవాడు కదా, హెల్మెట్టు గురించో మద్యం తాగి నడపడం గురించో చెబుతాడని ఆయన అనుకుని ఉంటారు. నేను మాట్లాడదలచింది కదిలే బండి గురించి కాదు, ఆగిన బండి గురించి. అందులోనూ మన ఇళ్లకు పార్సిళ్లు తెచ్చే బండి గురించి.

ఇదేం విషయమండీ అని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫర్వాలేదు. ఒక్కసారి మీ ఇంట్లో గత నెల రోజుల్లో ఏమేం పార్సిళ్లు వచ్చాయో లెక్క వేసుకోండి. బి.పి. మాత్రలు, మోకాలి పట్టీ, మనవరాలి గౌను, అమెరికా నుంచి అబ్బాయి బుక్ చేసిన మిక్సీ. ఒకప్పుడు పార్సిల్ అంటే రైల్వే స్టేషను పార్సిల్ ఆఫీసుకో, బస్ కాంప్లెక్సుకో మనమే రిక్షా కట్టించుకుని వెళ్లేవాళ్లం. పోస్ట్‌మాన్ వి.పి.పి. తెస్తే అతని సైకిలు మన అరుగుకు ఆనించి ఉండేది, దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఇప్పుడు పెద్ద సంచీ కట్టిన మోటారు సైకిళ్లు, మూడు చక్రాల ఆటోలు, 2005లో టాటా వారు ఏస్ తెచ్చిన దగ్గర్నుంచి ఆ తరహా చిన్న వ్యాన్లు మన సందుల్లోకి వస్తున్నాయి. సందులు మాత్రం మన తాతల కాలంలో ఎంత వెడల్పున్నాయో అంతే ఉన్నాయి. సరిగ్గా చెప్పాలంటే ఇంకా తగ్గాయి. ఎందుకు తగ్గాయో తర్వాత చెబుతాను, అది మనకు అంత గౌరవంగా ఉండే విషయం కాదు.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

గత ఏడాది వానాకాలంలో ఇన్వర్టరుకు బ్యాటరీ తెప్పించాను. మాది ఇరుకు వీధి. తెచ్చిన కుర్రవాడు వీధి మొదట్లో బండి ఆపి ఫోను చేశాడు. "తాతగారూ, లోపల ఒక కారుంది, బండి ఇరుక్కుంటాది. ఇక్కడే ఆపి మోసుకొచ్చేయమంటారా?" అన్నాడు. నేను ఏమన్నానంటే, "బరువు కదా బాబూ, వానలో ఎక్కడ మోస్తావు, గుమ్మం దాకా తీసుకొచ్చేయ్" అన్నాను. అతని మీద జాలితోనే అన్నాను. అతను వచ్చాడు. మా ఎదురింటి ముందు గుడ్డ కప్పిన కారు, ఇటు పక్క ఈ బండి. సీసాకు బిరడా బిగించినట్టు వీధి మూసుకుపోయింది. "రెండు నిమిషాలే తాతా, ఇచ్చేసి ఎల్లిపోతాను" అంటూ బ్యాటరీ లోపల పెట్టాడు. ఓ.టి.పి. అడిగాడు. అది మా ఆవిడ ఫోనుకు వచ్చింది. ఆవిడ ఫోను ఎక్కడ పెట్టిందో వెతకడం, కళ్లజోడు వెతకడం, మీకు తెలియనిది కాదు.

ఆ సమయంలో మాకు రెండిళ్ల అవతల ఒక పెద్దాయనకు గుండె నొప్పి వచ్చింది. వాళ్లబ్బాయి అంతకు ముందే 108కి ఫోను చేశాడు. ఆ బండి వచ్చి పార్సిల్ బండి వెనక ఆగింది. ముందుకు పంపేద్దామంటే ఆ పెద్దాయన ఇంటి ముందు నుంచీ కాలువ పనికి తవ్విపోసి ఉంది. పార్సిల్ బండి వెనక్కి పోవాలంటే ముందు అంబులెన్సు వెనక్కి పోవాలి. వాన, చీకటి, వెనక నుంచి వచ్చి చేరిన రెండు ఆటోలు. చివరికి ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, గొడుగు పట్టి, నలుగురూ మోసుకుంటూ ఆ రెండు బండ్ల పక్కన సందు చేసుకుని వెళ్లారు. ఆ నలుగురిలో ఆ పార్సిల్ కుర్రవాడు ఒకడు.

ఆయన బతికారు. ఇప్పటికీ సాయంత్రం పూట మా అరుగు మీద కూర్చుని పేపరు చదువుతారు. ఆ ఆలస్యం గురించి ఆయన గానీ, వారి భార్య గానీ ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంటుంది. ఎందుకంటే, ఉద్యోగంలో సగం కాలం నేను చేసిన పని కొత్త డ్రైవర్లకు బండి ఎక్కడ ఆపాలో, ఎలా వెనక్కి తీయాలో నేర్పడం. నా గుమ్మం దగ్గరకు వచ్చేసరికి అదంతా మరచిపోయాను. బండి తాళం అతని చేతిలో ఉన్నా, అది ఆగిన చోటు నిర్ణయించింది నేను.

అందుకే ఈ విషయం ఎంచుకున్నాను. డ్రైవర్లకు చెప్పవలసింది ఉంది, చెబుతాను. ఈ సభలో మాత్రం పార్సిళ్లు తెచ్చేవారి కంటే తెప్పించుకునేవారే ఎక్కువ.

చట్టం సంగతి రెండు మాటల్లో. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను ప్రకారం ఇతరులకు ప్రమాదం గానీ, అడ్డంకి గానీ, అనవసరమైన ఇబ్బంది గానీ కలిగేలా బహిరంగ స్థలంలో బండి నిలపకూడదు. 126వ సెక్షను మరొకటి చెబుతుంది. డ్రైవరు సీట్లో లైసెన్సున్న మనిషి లేకుండా బండి ఆగి ఉండాలంటే, ఇంజను ఆపి బ్రేకు వేసి ఉండాలి, లేదా బండి తనంతట తాను కదలకుండా మరో ఏర్పాటు చేసి ఉండాలి. "రెండు నిమిషాలే కదా" అన్న మినహాయింపు ఆ సెక్షన్లలో ఎక్కడా లేదు. మూలమలుపు దగ్గర, కూడలి దగ్గర, ఆగి ఉన్న మరో బండికి ఎదురుగా, దాని పక్కనే రెండో వరసలో, ఇంకొకరి గేటుకు అడ్డంగా బండి ఆపకూడదని 1989 నాటి రోడ్డు నియమాల్లోనే ఉంది. వాటి స్థానంలో 2017లో వచ్చిన నిబంధనలూ ఈ విషయాలను వదిలిపెట్టలేదు. నా బండి ఆ కారుకు ఎదురుగా ఆగింది చూశారూ, అది సరిగ్గా ఈ తప్పే. దారికి అడ్డం కలిగిస్తే పాత శిక్షాస్మృతి 283వ సెక్షను కింద జరిమానా 200 రూపాయలకు మించేది కాదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 285వ సెక్షను కింద అది 5,000 రూపాయల దాకా పోతుంది. ఇది పార్సిల్ బండికే కాదు, దారిలో ఇసుక కుప్ప పోసినవారికి కూడా వర్తించే సెక్షను. ఇక్కడ కొందరు తల వంచుకోవడం గమనించాను.

ఇక పనిలోకి వద్దాం. ఆర్టీసీలో ఒక అలవాటు మీరందరూ చూసే ఉంటారు. బస్సు వెనక్కి పోవాలంటే కండక్టరు దిగి, వెనక నిలబడి విజిల్ వేయాలి. విజిల్ ఆగితే బస్సు ఆగాలి. ఇది ఎందుకంటే, అద్దాలు ఎన్ని ఉన్నా బండికి సరిగ్గా వెనక భాగం డ్రైవరుకు కనబడదు. మూసి ఉన్న పెట్టె బండికి లోపలి అద్దం వల్ల కూడా ప్రయోజనం లేదు. అక్కడ మూడేళ్ల పిల్లవాడు బంతి కోసం వంగితే ఏ అద్దంలోనూ ఉండడు. 2019 జూలై 1 నుంచి తయారైన కొత్త కార్లకు వెనక ఏదైనా అడ్డు ఉంటే కూత వేసే సెన్సార్లు తప్పనిసరి చేశారు. మన వీధుల్లో తిరిగే పాత సరుకు బండ్లలో అలాంటివి ఉంటాయని నమ్మకం పెట్టుకోకూడదు. పార్సిల్ బండి మీద సాధారణంగా ఒక్కడే ఉంటాడు. అతనికి కండక్టరు లేడు.

కాబట్టి అతనికి మొదటి సలహా, వెనక్కి తీయవలసిన చోటికి అసలు వెళ్లకు అని. అవతలి వైపు దారి లేని సందైతే మొదట్లోనే ఆపి నడవాలి. తప్పనిసరై వెనక్కి తీయవలసి వస్తే దిగి, బండి చుట్టూ ఒక్కసారి నడిచి చూసి, ఎక్కిన వెంటనే తీయాలి. చూసి వచ్చాక ఫోనులో తర్వాతి అడ్రసు వెతుకుతూ కూర్చుంటే ఆ చూడటం వృథా. ఈలోగా పిల్లలు వచ్చేస్తారు. మన పిల్లలున్న అమెరికాలో గోధుమ రంగు వ్యాన్లతో పార్సిళ్లు చేరవేసే యు.పి.ఎస్. అని ఒక పెద్ద సంస్థ ఉంది, 1907లో సియాటిల్ నగరంలో పుట్టింది. వెనక్కి తీయడం ఎంత తగ్గిస్తే అంత మంచిదని వాళ్లు డ్రైవర్లకు నేర్పుతారు. అంతేకాదు, ఎదురు వచ్చే బండ్లకు అడ్డంగా తిరిగే మలుపులు వీలైనంత తక్కువగా ఉండేటట్టు రూట్లు వేస్తారు. అక్కడ అది ఎడమ మలుపు, మనకైతే కుడి మలుపు. అంత పెద్ద సంస్థ మలుపుల దగ్గరా, వెనక్కి తీయడం దగ్గరా అంత జాగ్రత్త పడుతుందంటే మన సందుల్లో ఇంకెంత పడాలి!

రెండోది, ఏ పక్క ఆపాలి అన్నది. ఇల్లు కుడి పక్క ఉంటే కుర్రవాళ్లు అడ్డంగా కోసి అటే ఆపేస్తారు. రాత్రి పూట ఇది మరీ ప్రమాదం. అలా ఆపిన బండి దీపాలు ఎదురు వచ్చేవారి కళ్లలో పడతాయి. దీపాలు ఆర్పితే వెనక ఎర్రగా మెరిసే రిఫ్లెక్టర్లు అవతలి వైపు ఉండిపోతాయి, వచ్చేవాడికి చీకట్లో బండే కనబడదు. కంట్లో శుక్లం ఆపరేషను చేయించుకున్నవారిని అడగండి, ఎదురు దీపం పడ్డాక ఎంతసేపు ఏమీ కనబడదో. ఎడమ పక్కనే, అంచుకు ఆనుకుని ఆపి, దారి దాటి నాలుగడుగులు నడవాలి. డ్రైవరు తలుపు మన దేశంలో కుడి పక్క ఉంటుంది, అంటే రోడ్డు మధ్యలోకి తెరుచుకుంటుంది. దాన్ని కుడి చేత్తో కాకుండా ఎడమ చేత్తో తెరవాలి. అలా చేస్తే శరీరం తనంతట తానే తిరిగి, చూపు వెనక్కి పోతుంది, సైకిలు మీద వచ్చేవాడు కనబడతాడు. హాలండు వాళ్ల పేరుతో ప్రసిద్ధమైన ఈ పద్ధతిని, తలుపుకు దూరంగా ఉన్న చేత్తో తెరవమని, ఇంగ్లండు వారు 2022లో తమ హైవే కోడ్‌లో చేర్చారు. ఇది మనకూ పనికొచ్చేదే. కార్లున్నవారు ఇవాళ ఇంటికి వెళ్లేటప్పుడు ఒకసారి చేసి చూడండి.

మోటారు సైకిలు మీద తెచ్చేవారి సంగతి వేరు. వెనక సంచీ బరువుతో సైడు స్టాండు మీద ఆపితే ఎండాకాలంలో మెత్తబడిన తారులోనూ, వానాకాలంలో మట్టిలోనూ స్టాండు దిగబడి బండి పక్కకు ఒరుగుతుంది. సెంటరు స్టాండు వేసుకోవడమే మేలు. కాలువ మీద కప్పిన పలకల మీద బరువు బండి పెట్టకూడదు. పగిలిన పలక ఆ రోజు తెలియదు, మర్నాడు తెల్లవారుజామున నడకకు వెళ్లే మనలో ఎవరికో తెలుస్తుంది. గేటు ముందు ర్యాంపు మీద వాలుగా ఆపితే గేరులో పెట్టి తీరాలి. వ్యానైతే హ్యాండ్ బ్రేకు ఒక్కటే చాలదు. ముందు భాగం ఎత్తుకు ఉంటే మొదటి గేరు, పల్లానికి ఉంటే రివర్సు గేరు, చక్రం కింద ఒక రాయి. ఆ రాయిని వెళ్లేటప్పుడు దారిలో వదిలేయడం మన వాళ్లకు వెనకటి నుంచీ ఉన్న జబ్బు. దాన్ని తీసి పక్కన పడేయడం మరవకూడదు.

బ్యాటరీతో నడిచే స్కూటర్ల గురించి ఒక మాట. వాటికి చప్పుడు ఉండదు. చెవి మందగించిన మనబోటి వాళ్లకు అది వచ్చినట్టూ తెలియదు, కదిలినట్టూ తెలియదు. పార్సిల్ అందుకున్నాక ఆ బండి ముందు నుంచి అడ్డం నడవకుండా, అతను వెళ్లేదాకా గేటు లోపలే ఉండండి. ధనుర్మాసం మొదలైంది. ఆడపిల్లలు తెల్లవారకుండానే వీధిలో వంగి ముగ్గులు పెడుతుంటారు. సంక్రాంతికి బట్టల పార్సిళ్లూ అప్పుడే ఎక్కువ. ఈ నెల రోజులూ వీధిలోకి వచ్చే ప్రతి బండికీ ఈ సంగతి చెప్పవలసిందే.

ఇప్పుడు మన సంగతి. వీధులు ఇంకా ఇరుకయ్యాయని అన్నాను కదా. మా ఎదురింటి కారు నెలకు ఒకసారి కదులుతుంది. పిల్లలు వస్తే వాడుకుందామని కొన్నది. మనలో చాలామందికి అలాంటి కారు ఒకటి గేటు బయట ఉంది. ర్యాంపు ఒక అడుగు ముందుకు, తులసి కుండీలు ఒక అడుగు, మోటారు సైకిలు ఒక రెండడుగులు. ఇన్ని పెట్టి, వచ్చిన కుర్రవాడు రోడ్డు మధ్యలో ఆపాడని కేకలేస్తాం. అపార్ట్‌మెంట్లలో మరొకటి ఉంది. "బయటి వాహనాలు లోపలికి రాకూడదు" అని బోర్డు పెడతాం. మరి ఆ బండి ఎక్కడ ఆగాలి? లోపల సందర్శకుల కోసం ఒక్క చోటు ఖాళీగా ఉంచి, ఐదు నిమిషాలు ఆపుకోనిస్తే సగం గొడవ తీరుతుంది. ఇది కాంప్లెక్సు కమిటీల్లో ఉన్న మన సభ్యులు తలచుకుంటే రేపే అవుతుంది.

కుర్రవాణ్ని తప్పు పట్టేముందు అతని పరిస్థితి కూడా చూడాలి. చాలామందికి పార్సిల్‌కు ఇంత అని లెక్క. ఆలస్యమైతే నష్టం అతనిదే. గజపతినగరం నుంచో, నరసన్నపేట నుంచో డిగ్రీ చదివి వచ్చిన పిల్లలు వీళ్లు, మన ఇళ్లలో పిల్లల్లాంటివారే. వంద గజాల దూరంలో ఆపి నడవమంటే అతని సమయం పోతుంది. ఆ సమయాన్ని మనం తిరిగి ఇవ్వవచ్చు. ఓ.టి.పి. వచ్చే ఫోను చేతిలో పెట్టుకుని, డబ్బు ఇవ్వవలసి ఉంటే చిల్లర సరిచూసుకుని, గేటు దగ్గర నిలబడితే చాలు. బండి వీధిలో ఎంతసేపు ఆగి ఉంటుందన్నది చాలాసార్లు మన కళ్లజోడు మీద ఆధారపడి ఉంటుంది.

ఇంకొక సులువు. ఆర్డరు చేసేటప్పుడు అడ్రసు దగ్గర గుర్తులు, సూచనలు రాసుకునే చోటు ఉంటుంది. మనవణ్ణో మనవరాలినో కూర్చోబెట్టుకుని, "బండి వీధి మొదట్లో రామమందిరం పక్క ఖాళీలో ఆపండి, ఫోను చేస్తే మేము ఎదురు వస్తాం" అని అక్కడ రాయించండి. మీ వీధికి తగిన చోటు మీకే తెలుస్తుంది. బండి ఆగినా ఇంకో బండి పోవాలి, మలుపు కాకూడదు, బడి గేటు, ఆసుపత్రి గేటు కాకూడదు. ఈ మూడూ చూసుకుంటే చాలు. శ్రీకాకుళం మిత్రులకు ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల, మాకు మూడు లాంతర్లు, గంటస్తంభం ప్రాంతాల్లో ఇలాంటి చోటు దొరకడం కష్టమే. అలాంటి చోట దుకాణాలు తెరవకముందు తెచ్చిపెట్టమని కోరడం ఒక ఉపాయం.

నిలబడలేనివారు, మంచం పట్టినవారు ఎదురు వెళ్లడమెలా అని ఒక సోదరి చీటీ పంపారు. నిజమే. అందుకే పక్కింటివారితో మాట్లాడుకోండి అంటున్నాను. మా వీధిలో ఇప్పుడు ముగ్గురం నడవగలిగినవాళ్లం, మిగతావారి పార్సిళ్లు కూడా మేమే అందుకుంటున్నాం. బండి వెనక్కి తీయవలసి వస్తే మాలో ఒకరం వెనక నిలబడతాం. బండికి సరిగ్గా వెనక కాదు, డ్రైవరు అద్దంలో కనబడేటట్టు పక్కగా. నా దగ్గర పాత విజిల్ ఇంకా ఉంది.

ఆ కుర్రవాడు మళ్లీ గత నెల వచ్చాడు, మా మనవరాలి పుస్తకాలు తెచ్చాడు. వీధి మొదట్లో కొళాయి దగ్గర ఆపి ఫోను చేశాడు. నేను సంచీ పట్టుకుని వెళ్లాను. "తాతగారూ, ఆ మావయ్యగారు ఎలా ఉన్నారు?" అని మొదట అదే అడిగాడు. వచ్చి చూసి వెళ్లమన్నాను. బండి అక్కడే వదిలి, తాళం తీసుకుని నడిచి వచ్చాడు.

కార్యదర్శి గారు టీ వచ్చిందని సైగ చేస్తున్నారు.